చర్చి బీరువాలో ఏ పుస్తకాలు పెడదాం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)



నిన్న సాయంత్రం మన సంఘం ఒక మంచి తీర్మానం చేసింది. స్వర్ణోత్సవ నిధిలో కొంత మొత్తం పక్కనే ఉన్న మన చర్చి గ్రంథాలయానికి ఇద్దామని, ఆ పుస్తకాలు చర్చి సభ్యులకే కాక మన బడి పిల్లలకు కూడా ఇవ్వాలని అనుకున్నాం. ఏ పుస్తకాలు కొనాలో చెప్పే పని నాకు అప్పగించారు. ముప్పయ్యేళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ పనికి నేను తగినదాన్నని అనుకున్నారు. అది సగమే నిజం. మిగతా సగం చెప్పకుండా పట్టిక చదివేస్తే మా మాస్టార్ల ముందు నిలబడడానికి నాకు ముఖం చెల్లదు.

చర్చిలో వెనుక ద్వారం పక్కన ఉన్న టేకు బీరువా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదకొండేళ్లు దాని తాళంచెవి నా దగ్గరే ఉంది. వారమంతా శాఖా గ్రంథాలయంలో అడిగినవారికల్లా పుస్తకాలు ఇచ్చేదాన్ని. ఆదివారం వచ్చేసరికి మాత్రం ఆ బీరువాకు కాపలాదారునైపోయేదాన్ని. పుస్తకాలు పోతాయని భయం. పోతే సంఘ పెద్దలకు లెక్క చెప్పాలని భయం. రిజిస్టరు పూర్తి చేశాక ఇస్తాను, అట్టలు వేయించాక ఇస్తాను అంటూ వాయిదాలు వేశాను.

మన బడి గంట కొట్టే తాత మీకందరికీ తెలుసు. ఆయన పెద్దయ్యాక రాత్రి బడిలో మన మాస్టారొకరి దగ్గర చదువు నేర్చుకున్నారు. కూడబలుక్కుని చదివేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "అమ్మాయ్, యాత్రికుని ప్రయాణం ఉందంట గదా, ఒకసారి ఇత్తావా?" అని అడిగారు. "రిజిస్టరు ఇంకా కాలేదు తాతా, వచ్చే వారం రండి" అన్నాను. ఆయన వచ్చే వారం వచ్చారు. ఆ పై నెలా వచ్చారు. మూడోసారి కూడా అదే మాట చెప్పాను. తర్వాత ఆయన కూతురి ఊరు వెళ్లిపోయారు. అక్కడే కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది చర్చికి సున్నం వేయిస్తూ బీరువా జరిపితే వెనక చెక్కంతా చెదలు. కింది రెండు అరల్లో పుస్తకాలు పిండి పిండిగా రాలాయి. తాత అడిగిన పుస్తకం వాటిలోనే ఉంది.

యజమాని ఇచ్చిన తలాంతును పోతుందన్న భయంతో భూమిలో పాతిపెట్టిన పనివాడి కథ మన సండే స్కూల్లో అందరం చెప్పుకున్నదే. పదకొండేళ్లు నేను చేసింది ఆ పనే. అందుకే ఈ రోజు నేను చెప్పే పట్టికలో ప్రతి పుస్తకం ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: దీన్ని ఎవరు అడుగుతారు? ఎవరి చేతికి ఇస్తాం? ముందు పాఠకుణ్ణి తలుచుకుందాం, తర్వాత పుస్తకం కొందాం. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో బాట వేసిన రంగనాథన్ గారు 1931లో తన అయిదు సూత్రాలు ప్రకటించినప్పుడు మొట్టమొదటి సూత్రంగా పెట్టింది ఇదే, పుస్తకం దాచుకోవడానికి కాదు వాడుకోవడానికని. నేను ఆ పాఠం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆచరణలో మాత్రం తప్పాను.

ఇక మన పాఠకులు ఎవరో చూద్దాం.

మొదటివారు గంట తాతలాంటివారు. చదువు కొంచెమే, ఆకలి ఎక్కువ. వీరికి ముందుగా పెద్ద అక్షరాల బైబిలు కావాలి, ఒకటి కాదు, నాలుగైదు. తెలుగులో కొత్త నిబంధన 1818లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయింది. రెండు వందల ఏళ్లు దాటినా మన సంఘంలో చూపు మందగించిన అవ్వలు సన్నక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని, చదవలేక, పట్టుకుని కూర్చుంటున్నారు. మనం ఆరాధనలో వాడే పాత అనువాదంతోపాటు వాడుక భాషలో వచ్చిన అనువాదం కూడా పక్కనే ఉంచాలి. పాతది చెవికి ఇంపు, కొత్తది పిల్లలకు తేలిక. ఒకటి ఉంటే రెండోది వద్దనే తగాదా మన గ్రంథాలయంలో పెట్టుకోవద్దు.

ఆ తర్వాత యాత్రికుని ప్రయాణము. దీన్ని రాసిన జాన్ బన్యన్ పెద్ద చదువులు చదివినవాడు కాదు, ఇంగ్లండులో పాత్రలకు మాట్లు వేసుకుని బతికిన మనిషి. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని ఆయన్ను పన్నెండేళ్లు జైల్లో పెట్టారు. పుస్తకం మొదటి భాగం 1678లో వచ్చింది. వీపు మీద మూట మోస్తూ ఊరు విడిచి బయలుదేరిన ఒక మనిషి కథ అది. దారిలో బురద గుంట, సంత, కొండ, కోట అన్నీ తగులుతాయి. మూట మోసినవాడికి ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. తాతకు ఆ పుస్తకం మీద ఎందుకంత మనసో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మూడోది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఇదేమిటి, ఇది ప్రతి ఇంట్లో ఉండేదే కదా అంటారు. పాటల పుస్తకంగా ఉంది, నిజమే. దాన్ని సాహిత్యంగా చదివినవారు ఎందరు? పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో మన రాగాల్లో, మన తాళాల్లో రాసిన కీర్తనలు ఈ సంఘానికి ఏ శాఖా భేదం లేకుండా అందరూ పాడుకునే ఆస్తి. సంగీతం తెలిసినవారెవరైనా ఒక కాపీ తీసుకుని, ఏ కీర్తన ఏ రాగమో పిల్లలకు నేర్పితే అంతకన్న కావలసింది లేదు.

రెండోరకం పాఠకులు మన ఇళ్లలో ఆడవాళ్లు, దుఃఖంలో ఉన్నవాళ్లు, మంచం మీద ఉన్నవాళ్లు. వీరు ఒకేసారి నలభై పేజీలు చదవరు. రోజుకొక పేజీ చాలు. అందుకే ఎడారిలో సెలయేర్లు తెలుగు క్రైస్తవ ఇళ్లలో అంతగా నిలిచిపోయింది. దాన్ని కూర్చిన కౌమన్ దొరసానిగారు జపానులో మిషనరీగా పనిచేశారు. భర్త గుండె జబ్బుతో ఏళ్ల తరబడి మంచాన పడితే ఆయన పక్కన కూర్చుని తనకు ధైర్యమిచ్చిన మాటలన్నీ పోగుచేసుకున్నారు. ఆయన 1924లో పోయారు, పుస్తకం 1925లో వచ్చింది. సుఖంగా ఉన్నవాళ్లు చెప్పే ఓదార్పుకూ, నొప్పి పక్కన మేలుకుని ఉన్నవాళ్లు చెప్పే ఓదార్పుకూ ఉన్న తేడా అందులో తెలుస్తుంది. ఇది మూడు కాపీలు కొనండి. మూడూ ఎప్పుడూ బయటే ఉంటాయి, ఉండాలి కూడా.

ఇక్కడే పండిత రమాబాయి జీవితం చెప్పాలి. 1858లో పుట్టిన ఈ సంస్కృత పండితురాలు కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నారు, తర్వాత భర్తనూ పోగొట్టుకున్నారు, పసిబిడ్డతో ఇంగ్లండు వెళ్లి 1883లో బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగొచ్చి వితంతువులకు బడి పెట్టారు, కేడ్‌గావ్‌లో ముక్తి సదనం నిలబెట్టారు, బైబిలును మూలభాషల నుంచి మరాఠీలోకి అనువదించారు. నాకు ఆమెలో నచ్చేది మరొకటి ఉంది. తనకు మతం నేర్పినవారితో కూడా ఆమె వాదించారు. అర్థం కానిదాన్ని అర్థమైందని అనలేదు. ఆ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ప్రశ్న అడిగితే విశ్వాసం తగ్గిందని బెదిరించే ఇళ్లలో పెరుగుతున్న ఆడపిల్లలకు ఆమె జీవిత చరిత్ర తప్పక ఇవ్వాలి.

మూడోరకం పాఠకులు ఇదిగో, ఈ హాలు కిటికీల దగ్గర నిలబడి తొంగిచూస్తున్న మన బడి పిల్లలు. వీరిలో చాలామంది చర్చికి వచ్చేవారు కాదు. మన రోజుల్లోనూ అంతే. నా బెంచీలో నాకు అటొక ముస్లిం అమ్మాయి, ఇటొక బ్రాహ్మణ అమ్మాయి. ఈ పిల్లలు పుస్తకం తీసుకెళ్తే ఇంట్లో అమ్మానాన్నలు నొచ్చుకోకూడదు. నమ్మకంతో మన దగ్గరకు పంపిన బిడ్డకు మాయగా ఏదీ తినిపించకూడదు. అలాగని క్రైస్తవ పుస్తకాలు దాచనక్కర్లేదు. మనుషులకు మేలుచేసినవారి కథలు ఎవరి బిడ్డయినా చదవవచ్చు.

వేలూరు ఆసుపత్రి తెలియని తెలుగు కుటుంబం ఉండదు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ మొదట డాక్టరు కావాలనుకోలేదు. తల్లికి జబ్బు చేస్తే చూసిపోదామని వచ్చిన అమ్మాయి. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవం కష్టమైన తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అడిగారు. నాకు వైద్యం రాదు, మా నాన్నగారు డాక్టరు, ఆయన్ను పిలుస్తానంది. మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వమన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ అమ్మాయి వెళ్లి వైద్యం చదివి తిరిగొచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. డొరొతీ క్లార్క్ విల్సన్ రాసిన ఆమె జీవిత చరిత్ర 1959లో వచ్చింది. ఇదే రచయిత్రి వేలూరులోనే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసి మళ్లీ పనికి వచ్చేట్టు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కథనూ రాశారు. డాక్టరు కావాలనే తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ రెండూ ఇవ్వండి.

ఇంగ్లీషు కాస్త పట్టుబడిన పిల్లలకు సి. ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథలు ఏడూ కొనండి. 1950లో మొదటిది వచ్చింది. మంచి కథను కథగా చదవనివ్వండి. ప్రతి పేజీ తర్వాత నీతి ఏమిటని అడగవద్దు.

నాలుగోరకం పాఠకులు కాలేజీకి వెళ్లిన మన యువకులు. వీరు చర్చికి రావడం తగ్గిందని పెద్దలు బాధపడతారు. వారి ప్రశ్నలకు బీరువాలో జవాబు ఉందా అని మనం చూసుకోలేదు. ఇదే లూయిస్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేడియోలో మాట్లాడిన ప్రసంగాల్ని కూర్చి 1952లో మియర్ క్రిస్టియానిటీ అనే పుస్తకం తెచ్చారు. నాస్తికత్వం నుంచి తిరిగొచ్చినవాడు కాబట్టి అనుమానించేవాణ్ణి వెక్కిరించడు. కోరీ టెన్ బూమ్ రాసిన ద హైడింగ్ ప్లేస్ 1971లో వచ్చింది. హాలండులో గడియారాల దుకాణం నడుపుకునే కుటుంబం. హిట్లరు సైన్యం నుంచి యూదుల్ని తమ ఇంట్లో దాచి కాపాడి, దొరికిపోయారు. తండ్రి జైల్లో పోయారు, అక్క నిర్బంధ శిబిరంలో పోయింది. యుద్ధం అయ్యాక ఆ శిబిరంలో కాపలా కాసినవాడే ఎదురొచ్చి చెయ్యి చాచితే, ఆ చెయ్యి అందుకోవడానికి తనకెంత కష్టమైందో ఆమె దాచకుండా చెప్పారు. క్షమించడం తేలికని చెప్పే పుస్తకం మన పిల్లలకు అక్కర్లేదు. కష్టమని చెప్పి, అయినా చేసి చూపించినవారి పుస్తకం కావాలి.

అయిదోరకం పాఠకులు మనమందరం, అంటే తెలుగువాళ్లం. మన బీరువాలో ఇంగ్లండు, అమెరికా కథలు బోలెడు. మన నేల కథలెన్ని?

ముందుగా జాషువాగారి క్రీస్తు చరిత్ర ఉండాలి. 1958లో వచ్చిన ఈ పద్యకావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వినుకొండలో పుట్టి, గుడిలోనూ బడిలోనూ అవమానాలు పడి, పురాణాలు చదువుతున్నాడని సొంత సమాజం చేత కూడా మాటలు పడిన కవి, చివరకు ఆ పద్యవిద్యతోనే క్రీస్తు కథ చెప్పారు. దాని పక్కనే గబ్బిలం పెట్టండి. అది మత గ్రంథం కాదు కదా అని ఎవరైనా అంటే, అంటరానితనం ఉన్న చోట క్రీస్తు ఎవరి పక్కన నిలబడతాడో ఆలోచించమనండి. మన తెలుగు మాస్టార్లు నెలకొక సాయంత్రం ఈ పద్యాలు చదివి వినిపిస్తామంటే చర్చి అరుగు మీద చాప నేను వేస్తాను.

ఒంగోలు క్లౌ దొరగారి ఆత్మకథ 1914లో, ఆయన పోయిన తర్వాత, భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చేతుల మీదుగా వచ్చింది. 1876–78 ధాతకరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ఆగిపోయాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన ఆగిన నెలల సంగతి తెలిసినవారు తక్కువ. నాకు సంఖ్య కంటే ఆ ఆగడం గొప్ప.

ఎమ్మాగారే 1899లో వైల్ సోయింగ్ శాండల్స్ అని మరో పుస్తకం రాశారు. అందులో యర్రగుంట్ల పేరయ్య ఉన్నారు. తోళ్ల వ్యాపారం చేసుకుంటూ, గురువుల దగ్గర యోగం నేర్చుకుని, సత్యం కోసం వెతుకుతూ తిరిగిన మాదిగ పెద్ద. దొర వచ్చి చెప్పేదాకా మనవాళ్లకు దేవుడి ఊసే లేదనుకునేవారు ఈ పుస్తకం చదవాలి. దొరల పుస్తకాలు వారి చూపుతో రాసినవి, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా మన తాతముత్తాతల పేర్లు అందులో భద్రంగా ఉన్నాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ తన ఆసుపత్రి గురించి 1928లో రాసిన పుస్తకమూ అలాంటిదే.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ మూడు పుస్తకాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. పదో తరగతి పిల్లవాడు గంటలో చదివేట్టు వీటి కథలు తేలిక తెలుగులో చెప్పి, ఇరవై ముప్పై పేజీల చిన్న పుస్తకాలుగా మనమే వేయించుకోవచ్చు. స్వర్ణోత్సవం పేరిట ఒక శిలాఫలకం తక్కువైనా ఫరవాలేదు.

తెలంగాణలో స్థిరపడిన మన మిత్రులు దోర్నకల్ అజరయ్య బిషపుగారి పేరు అడుగుతారని తెలుసు. ఆంగ్లికన్ సంఘంలో 1912లో బిషపు అయిన మొదటి భారతీయుడాయన. తమిళుడై తెలుగు నేర్చుకుని పల్లెపల్లెకూ తిరిగారు. కానుకల గురించి ఆయన రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం సంఘ పెద్దలకు, కోశాధికారులకు పనికొస్తుంది. పేదసంఘం కూడా ఇవ్వగలదని, ఇచ్చినదానికి లెక్క ఉండాలని చెప్పే పుస్తకమది.

కొనవలసినవి చెప్పాను. కొనకూడనివి కూడా చెప్పాలి. లోకం ఫలానా తేదీన అంతమవుతుందని లెక్కలు కట్టే పుస్తకాలు వద్దు. ఇంత కానుక వేస్తే అంత ఐశ్వర్యం వస్తుందని ఆశపెట్టేవి వద్దు. ఇతర మతాలనో, పక్క సంఘాన్నో తిట్టడానికే రాసినవి వద్దు. జబ్బుకు మందులు మానేయమనేవి అసలే వద్దు. అటువంటి పుస్తకం ఒకటి నమ్మి ఇన్సులిన్ మానేసిన మనిషిని నేను ఆసుపత్రిలో చూశాను. ఉచితంగా వచ్చాయి కదా అని అట్టపెట్టెలు దింపుకోవద్దు. ఎవరూ చదవని వంద పుస్తకాల మధ్య చదవదగ్గ పది కనిపించకుండా పోతాయి.

డబ్బంతా ఒకేసారి ఖర్చు చేయవద్దు. మూడో వంతుతో మొదలుపెట్టి, ఆరు నెలలు ఎవరేం అడిగారో ఒక నోటు పుస్తకంలో రాసుకుని, మిగతాది ఆ నోటు పుస్తకం చెప్పినట్టు కొందాం. ఆరాధన అయ్యాక అరగంట వేపచెట్టు కింద బల్ల వేసి పుస్తకాలు పరిస్తే చాలు. 1930లలో మన కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిరిగిన గ్రంథాలయ ఉద్యమం ఈ నేల మీదే నడిచింది. మనం బల్లను పాతిక అడుగులు మోయలేమా? రాలేని అవ్వకు సండే స్కూలు పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లి ఇస్తాడు, వీలైతే ఒక పేజీ చదివి వినిపించి వస్తాడు.

పుస్తకాలు పోతాయి. ముప్పయ్యేళ్ల అనుభవంతో చెబుతున్నాను, కొన్ని తప్పకుండా పోతాయి. ఏటా కొన్ని మళ్లీ కొనడానికి డబ్బు విడిగా పెట్టండి. పోయిన పుస్తకం ఎవరింట్లోనో ఉంటుంది, ఎవరో ఒకరు చదువుతారు. చెదలు తిన్నది ఎవరికీ కాకుండా పోతుంది. ఈ రెండింటిలో ఏ నష్టం నయమో తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

యాత్రికుని ప్రయాణం కాపీ ఒకటి నేను కొని తెచ్చాను. లోపల మొదటి పేజీలో మన గంట తాత పేరు రాశాను. ఈ సభ అయ్యాక దాన్ని ఎవరైనా తీసుకెళ్లవచ్చు, రిజిస్టరు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. కమిటీవారికి ఒక్కటే విన్నపం. కొత్త బీరువాకు అద్దాల తలుపులు పెట్టించండి, ఇనుప కాళ్లు పెట్టించండి, చెదల మందు కొట్టించండి. తాళం మాత్రం కొనవద్దు.